పిక్కకు లెక్కుంది, పండుకు లేదు

పలాసలో రైలు దిగి కాశీబుగ్గ వైపు నడిస్తే ఊరు కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. ఆవిరికి ఉడికిన జీడిపిక్కల ఘాటు ఒక పక్క, వేడి గదుల్లో ఆరుతున్న పప్పు కమ్మదనం ఇంకో పక్క. హౌరా-చెన్నై రైలు మార్గం మీద, ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఈ జంట పట్టణంలో జీడి పరిశ్రమలు వందల్లో ఉన్నాయి. కొన్నింటికి పొడవాటి షెడ్లు, బాయిలర్లు, కోత యంత్రాలు. మరికొన్ని ఇంటి వెనక రేకుల పందిరి కింద నడిచేవి. చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో పండే పిక్క వీటి ఆకలికి చాలదు. అందుకే ఐవరీ కోస్ట్ వంటి ఆఫ్రికా దేశాల పిక్క కూడా ఓడలెక్కి వచ్చి ఈ షెడ్లలోనే పప్పుగా మారుతుంది.

పిక్క నుంచి పప్పు రావడం అంత తేలికైన పని కాదు. పెంకులో ఉండే జీడిరసం తగిలిన చోట చర్మం కాలిపోతుంది, నల్లగా పొరలు లేస్తుంది. పిక్కను ఉడికించి, చల్లార్చి, లోపలి పప్పు చిట్లకుండా తొక్కను రెండుగా చీల్చాలి. పప్పును ఆరబెట్టి, మీది ఎర్రటి పొరను వేళ్లతోనో చిన్న కత్తితోనో ఒలవాలి. యంత్రాలు ఎన్ని వచ్చినా ఆఖరి చూపు, ఆఖరి వేలు ఆడవాళ్లవే. బల్ల మీద పప్పు కుప్పగా పోసుకుని గుండు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, ముక్క ఒక పక్కకు లాగుతుంటారు. మాటలు మాటలే, చేయి చేయే.

గుండ్లలో మళ్లీ తరగతులు. ఒక పౌండులో, అంటే 454 గ్రాముల్లో, 300 నుంచి 320 గుండ్లు తూగితే అది డబ్ల్యు-320. 220 నుంచి 240 తూగితే డబ్ల్యు-240. 200 నుంచి 210 అయితే డబ్ల్యు-210. పౌండుకు 180 దాటకపోతే అది అన్నిటికన్నా లావైన డబ్ల్యు-180, ధరలో రాజు. మనం దుకాణాల్లో ఎక్కువగా చూసే 320 రకం గుండు ఒక్కోటి గ్రామున్నర లోపే ఉంటుంది. 210 రకంది రెండు గ్రాముల పైచిలుకు. ఈ తేడా గ్రాము కూడా లేదు. ఆ గ్రాము లోపు తేడాను బల్ల దగ్గర కూర్చున్న ఆమె తూకం లేకుండానే బొటనవేలితో పట్టేస్తుంది. నిలబడి చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది, ఆమెకు తప్ప.

డబ్ల్యు అంటే తెలుపు. వేడి కాస్త ఎక్కువై రంగు తిరిగిన గుండ్లకు ఎస్.డబ్ల్యు అని వేరే తరగతి, వేరే ధర. రంగు ఎందుకు తిరుగుతుందో ఆరా తీస్తే కథ చక్కెర దగ్గరికి వస్తుంది. వంద గ్రాముల పచ్చి జీడిపప్పులో సుమారు ఆరు గ్రాముల చక్కెర ఉంటుంది. పిండి పదార్థం ఇరవై గ్రాములు దాటుతుంది. కూరల్లో జీడిపప్పు ముద్ద వేస్తే గ్రేవీ చిక్కబడేది ఆ పిండి వల్లే. నోట్లో నమిలినకొద్దీ తియ్యగా తగిలేది ఆ ఆరు గ్రాముల వల్ల. వేడి మించితే అదే చక్కెర పప్పులోని మాంసకృత్తులతో కలిసి గోధుమరంగు తెస్తుంది. పలాస పప్పు తియ్యగా ఉంటుందని ఇక్కడి వ్యాపారులు గొప్పగా చెబుతారు. ఆ తీపిని వాళ్లు నాలుకతో తేలుస్తారు తప్ప సంచి మీద మాత్రం పౌండుకు ఎన్ని గుండ్లు అన్నదే ఉంటుంది.

ఈ ఊరు ఇలా పిక్కలో ప్రతిదీ లెక్కపెడుతుంది. సైజు, తెలుపు, విరిగినవి, బస్తాకు దిగిన పప్పు, చివరికి తొక్కల్లోంచి తీసే నూనె కూడా. లెక్కలోకి రానిది ఒక్కటే. చెట్టు మీద ఆ పిక్క వేలాడిన పండు.

దాన్ని చూడాలంటే పలాస దాటి తూర్పుకు, వజ్రపుకొత్తూరు దారిలో సముద్రం వైపు వెళ్లాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే తోటల సీమే ఉద్దానం. ఒక పక్క తూర్పు కనుమలు, ఇంకో పక్క బంగాళాఖాతం, నడుమ ఇసుక కలిసిన నేల. కొబ్బరి, జీడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరుగుతాయి. మార్చి నుంచి మే దాకా జీడితోటలో అడుగుపెడితే నేల మీద ఎరుపు, పసుపు పళ్లు పరిచినట్టుంటాయి. తోటలో పనికొచ్చినవాళ్లు వంగి పండు తీసి, పిక్కను పట్టుకుని ఒక్క మెలి తిప్పుతారు. పిక్క బుట్టలోకి, పండు మట్టిలోకి. మళ్లీ వంగుతారు. పొద్దెక్కేసరికి పులిసిన వాసన తోటంతా కమ్ముకుంటుంది. ఈగలు, చీమలు, పశువులు, అప్పుడప్పుడు ఎలుగుబంట్లు ఆ విందుకు హాజరు.

నిజానికి వృక్షశాస్త్రం ప్రకారం అది పండే కాదు, కాడ ఉబ్బి రసం పట్టి పండు వేషం కట్టింది. అసలు కాయ కింద వేలాడే పిక్క. కానీ తినేవాడికి శాస్త్రంతో ఏం పని? తోటలో తిరిగే పిల్లలకు ఏ చెట్టు పండు తినాలో, దేన్ని ఉప్పు అద్దుకుని తినాలో, దేని జోలికి పోకూడదో బాగా తెలుసు. ఒక చెట్టుది తేనెలా దిగుతుంది. పక్కనే ఉన్న ఇంకో చెట్టుది గొంతు పట్టేస్తుంది, నాలుక మొద్దుబారుతుంది. నేల ఒకటే, వాన ఒకటే, వయసూ ఒకటే కావచ్చు. తేడా మాత్రం చెట్టులోనే ఉంది.

ఎందుకంటే పాత తోటల్లో ఉన్నవి చాలావరకు పిక్క మొక్కలు. జీడిమామిడి మనది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి మన పడమటి తీరానికి తెచ్చారు. ఇసుక నేలలు కొట్టుకుపోకుండా పట్టి ఉంచే చెట్టుగా అది తీరాల వెంట విస్తరించింది. జీడి పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి. తేనెటీగలు, ఇతర పురుగులు ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. అందువల్ల పిక్క నాటి పెంచిన ప్రతి చెట్టూ తల్లి పోలిక కొంత, ఎక్కడి తండ్రిదో పోలిక కొంత పుణికిపుచ్చుకుంటుంది. కాపు, పిక్క సైజు, పండు రంగు, రసంలో చక్కెర, వగరు అన్నీ మారతాయి. ఉద్దానంలో ఒక పాత తోట అంటే వంశవృక్షం ఎవరూ రాయని వందల రకాల సంత.

చక్కెరలో ఇలాంటి తేడాలను పట్టుకుని పంటను మార్చిన చరిత్ర వేరే చోట ఉంది. సోయా చిక్కుడు సంగతి చూడండి. మన ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో నూనె కోసం, పిండి కోసం పండించే ఈ గింజలో సుక్రోజ్ అనే మామూలు చక్కెరతో పాటు రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలూ ఉంటాయి. మొదటిది నోటికి తీపి. మిగతా రెండూ మన పొట్టలో అరగవు. పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తాయి. పప్పుధాన్యాలన్నిటి మీదా ఉన్న నింద ఇదే. అమెరికా విత్తన నిధిలో పి.ఐ. 200508 అనే ఒక సోయా రకంలో ఆ రెండు చక్కెరలూ బాగా తక్కువ, సుక్రోజ్ ఎక్కువ అని తేలింది. రాఫినోజ్ తయారుచేసే ఒక జన్యువులో మూడంటే మూడు డీఎన్ఏ అక్షరాలు లేకపోవడమే కారణం. ఆ లక్షణాన్ని కొత్త రకాల్లోకి ఎక్కించే పని అక్కడ సాగింది. పచ్చి కాయలు ఉడికించి తినే రకాలకు, సోయా పాలకు, పనీరు లాంటి టోఫూకు గింజలో తీపి ఎంత ఉందన్నది పెద్ద విషయమే.

సోయా ఏడాది పంట. తన పువ్వు పుప్పొడే తనకు. నచ్చిన మొక్క విత్తనం మళ్లీ నాటితే దాదాపు అదే వస్తుంది, తరం తిరగడానికి కొన్ని నెలలు చాలు. జీడి అలా లొంగదు. సంకరం చేసిన పిక్క నాటితే మూడో ఏడాది గాని పూత సరిగా రాదు. కాపు నిలకడ తేలడానికి మరిన్ని ఏళ్లు. పరిశోధకుడి ఉద్యోగ జీవితంలో ఇలాంటి తరాలు రెండో మూడో.

అయినా మనవాళ్లు ఓపిక పట్టారు. 1950లలో భారత వ్యవసాయ పరిశోధన మండలి జీడి మీద పరిశోధనకు దేశంలో కొన్ని కేంద్రాలను ఎంచుకుంది. కర్ణాటకలో ఉల్లాల్, కేరళలో కొట్టారకర, మహారాష్ట్రలో వెంగుర్ల, అస్సాంలో దరేగావ్, మన దగ్గర బాపట్ల. 1971లో అఖిల భారత సమన్వయ పథకం మొదలైంది. 1986లో కర్ణాటకలోని పుత్తూరులో జాతీయ కేంద్రం వెలిసింది. బాపట్ల కేంద్రం ఇప్పుడు వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడి నుంచి వచ్చిన రకాలన్నిటికీ ఇంటిపేరు బీపీపీ. వాటిలో బీపీపీ-4 చీరాల దగ్గరి ఈపూరుపాలెం చెట్లలోంచి ఏరి తెచ్చింది. పిక్క ఆరు గ్రాములు, అందులో పప్పు 23 శాతం. బీపీపీ-8 రెండు చెట్లను సంకరపరిచి సాధించింది. 1993లో విడుదలైంది. పిక్క 8.2 గ్రాములు, పప్పు 29 శాతం, గ్రేడు 210. ఉద్దానం రైతు అంటు మొక్క అడిగితే ముందుగా వినిపించే పేర్లలో ఇదొకటి.

ఆరు శాతం తేడా కాగితం మీద చిన్నదే. బస్తా మీద చూడాలి. జీడిపిక్కల బేరం ఉద్దానంలో 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. మద్దతు ధర కోసం రైతులు రోడ్డెక్కినా బస్తాకు ఇంత అనే అడుగుతారు. వింతేమిటంటే ప్రపంచ వ్యాపారం లెక్కా అదే. 80 కిలోల పిక్కకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్నదే ఆఫ్రికా రేవుల్లోనూ నాణ్యతకు కొలమానం. ఆ లెక్కన బీపీపీ-4 బస్తాకు 18 కిలోల 400 గ్రాముల పప్పు వస్తే, బీపీపీ-8 బస్తాకు 23 కిలోల 200 గ్రాములు. ఒక్క బస్తాలో దాదాపు ఐదు కిలోల తేడా, అదీ లావు గుండ్లలో. పరిశ్రమల యజమానులు పిక్కను కోసి చూసి ధర కట్టేది ఇందుకే.

ఇక పండు లెక్క ఎవరూ కట్టలేదు గనక మనమే కడదాం. పండు బరువు పిక్క బరువుకు ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది. తక్కువలో తక్కువ ఆరు రెట్లే అనుకుందాం. 80 కిలోల బస్తా పిక్కలు తీసిన చోట 480 కిలోల పళ్లు రాలి ఉంటాయి. రసంలో కరిగిన చక్కెర సాధారణంగా బ్రిక్స్ కొలతలో 10 నుంచి 14 దాకా పలుకుతుంది. చిన్న గాజు పలక మీద ఒక్క రసపు చుక్క వేసి వెలుతురుకు పట్టి చూసే పరికరం చెప్పే లెక్క ఇది. ఒక డిగ్రీ అంటే వంద గ్రాముల రసంలో సుమారు ఒక గ్రాము చక్కెర. పదే వేసుకున్నా, బస్తాకు నలభై కిలోలకు తగ్గని చక్కెర ఉద్దానం ఇసుకలో కలుస్తోంది. దానితో పాటు నారింజలో ఉన్నదానికి ఐదు రెట్ల దాకా ఉండే సి విటమిను కూడా.

పరిశోధకులు పండును కొలవలేదని కాదు. రంగు, బరువు, రసం శాతం, బ్రిక్స్ అన్నీ నమోదు చేశారు. కానీ ఒక రకం బతికి బట్టకట్టాలా వద్దా అన్నది తేల్చేది పిక్కే. పండు తియ్యగా ఉందని విడుదలైన రకం మన రైతు చేతికి రాలేదు. నాకిది వెలితిగానే అనిపిస్తుంది. బ్రెజిల్‌లోని సియారా రాష్ట్రంలో 1983లో విడుదలైన సీసీపీ-76 అనే పొట్టి రకం పిక్కకెంతో పండుకూ అంతే. చెట్టు పొట్టిది కావడం వల్ల పండు రాలకముందే చేత్తో కోయవచ్చు. ట్రేలలో సర్ది అంగళ్లలో మామిడి, జామల పక్కన అమ్ముతారు. గోవాలో పండు రసం ఫెనీ అయింది, 2009లో భౌగోళిక గుర్తింపూ తెచ్చుకుంది.

అయితే పండు కోసం చెట్టును ఎంచడం చక్కెర ఒక్కదానితో అయ్యే పని కాదు. గొంతు పట్టేసేది టానిన్ అనే వగరు పదార్థం. బ్రిక్స్ 14 ఉన్నా వగరు ఎక్కువైతే నాలుకకు ఆ తీపి అందదు. 11 ఉండి వగరు తగ్గితే అదే తియ్యని చెట్టు. కాబట్టి రెండు లెక్కలు ఒకేసారి చూడాలి. ఇంకో చిక్కు, పిక్క బాగా ముదిరేది పండు తనంతట తాను రాలినప్పుడు. పండు చక్కగా ఉండేది రాలకముందు. రాలిన పండు ఒక రోజు కూడా నిలవదు.

వగరుకు మాత్రం మందు మన వంటింట్లోనే ఉంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పిన పద్ధతి ఇది. లీటరు రసానికి ఐదు గ్రాముల సగ్గుబియ్యం పొడి కాస్త నీళ్లలో ఉడికించి జావ చేసి, చల్లార్చి రసంలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. జావలోని పిండి టానిన్‌ను పట్టుకుని అడుగుకు దిగిపోతుంది. తెల్లారి పైన తేటగా నిలిచిన రసం వంచుకుంటే వగరు జాడ ఉండదు. గంజితోనూ కొందరు చేస్తారు. పెద్ద యంత్రం అక్కర్లేని పని. కావాల్సిందల్లా తెల్లవారుజామునే కోసిన శుభ్రమైన పళ్లు.

ఇప్పుడు ఇది మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారకముందు తిత్లీ తుపాను సరిగ్గా పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి, పనస వేల ఎకరాల్లో కూలిపోయాయి. తాతలు నాటిన చెట్లు వేళ్లతో సహా పైకి లేచాయి. అంతకు ముందే 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ గాలుల రుచి చూసిన సీమ ఇది. తర్వాత తోటలు తిరిగి వేసినవాళ్లు పిక్కలు నాటలేదు, అంటు మొక్కలు తెచ్చుకున్నారు. తెలివైన పనే. రెండు నెలలు నిండని పిక్క మొక్క తల కోసి, మొదలును నిలువునా చీల్చి, మేలురకం చెట్టు కొమ్మ చివరను ఉలి మొనలా చెక్కి దూర్చి, పాలిథిన్ పట్టీ చుడతారు. అలా వచ్చిన చెట్టు కొమ్మనిచ్చిన చెట్టుకు అచ్చు నకలు. కాపు తొందరగా వస్తుంది, పిక్క ఒకే సైజులో ఉంటుంది, బల్ల దగ్గర ఏరేవాళ్లకూ హాయి.

కానీ పది ఊళ్లలో ఒకటే రకం నిలిస్తే, పేరులేని ఆ తియ్యపండు చెట్లు గాలికి పడినన్నీ పడి, మిగిలినవి గొడ్డలికి పోతాయి. వాటిని దక్కించుకోవడానికి ఖర్చేమీ లేదు. కొట్టేముందు ఒక కొమ్మ కోసి అంటు కట్టించడమే. తియ్యపండు ఏ చెట్టుదో పిల్లల్ని అడిగితే చెబుతారు. పనస విషయంలో ఉద్దానం ఈ తెలివి ఎప్పుడో చూపింది. పెళ్లిళ్ల సీజనుకు ఉత్తరాది రాష్ట్రాలకు లారీల్లో వెళ్లే కూరపనస వేరు, ఇంట్లో తినడానికి ఉంచుకునే తొనల చెట్టు వేరు. ఎవరి పెరట్లో ఏ చెట్టు తొన తియ్యనో ఊరంతటికీ తెలుసు. జీడిపండుకు ఆ గౌరవం దక్కలేదంతే.

చూసి రావాలనుకునేవారికి దారి సులభం. విశాఖ నుంచి పలాస రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. 16వ నంబరు జాతీయ రహదారి టెక్కలి మీదుగా పలాసకు చేరుస్తుంది. దారిలో టెక్కలి నీలి గ్రానైటు క్వారీలు, నౌపడ ఉప్పుమడులు కనిపిస్తాయి. పర్లాకిమిడి రాజావారు 1900లో నడిపించిన బుల్లి రైలు మొదలైంది ఆ నౌపడ నుంచే. ఇప్పుడు పెద్ద లైను. శీతాకాలంలో వెళితే దగ్గర్లోని తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టిన పెలికాన్లను చూడొచ్చు. సముద్రం కావాలంటే అక్కుపల్లి శివసాగర్ తీరం, మహేంద్రతనయ నది కలిసే బారువ. మందస వెళితే వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా కొనుక్కోకుండా రావద్దు. పప్పు కాశీబుగ్గ దుకాణాల్లో గ్రేడు అడిగి కొనండి. పాయసానికి బద్ద చాలు, డబ్ల్యు-180 డబ్బు దండగ.

జీడిపండు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. ఏప్రిల్‌లో పొద్దున్నే, ఎండ ముదరకముందు, తోట యజమానిని అడిగి లోపలికి వెళ్లాలి. తోటలో రోజూ తిరిగేవాళ్లు చూపించిన చెట్టుదే తినండి. ముందు పిక్కను జాగ్రత్తగా వేరుచేసి వాళ్లకే ఇచ్చేయండి, పొరపాటున కూడా కొరకొద్దు. తెల్ల చొక్కా వేసుకోవద్దు. ఆ రసం మరక ఏ సబ్బుకూ లొంగదు.